అనుమానాల ఫరహత్

ఫరహత్ ఎవరినీ నమ్మదు. ఇది నింద కాదు, ఆటోనగర్‌లో ఆ వీధి వీధంతా ఒప్పుకున్న సంగతి. పాలవాడు పాలు పోస్తే గిన్నె వంచి చూస్తుంది. బండి మీద బత్తాయిలు కొంటే పైవరస వదిలేసి అడుగు నుంచి ఏరుకుంటుంది. డాక్టరు మందు రాసిస్తే, అది దేనికి వాడతారని మందుల షాపులో మళ్ళీ అడుగుతుంది. "డాక్టరు గారు చెప్పలేదా అమ్మా?" అంటే, "చెప్పారండీ. మీరేం చెబుతారో చూద్దామని" అంటుంది. అందులో ఎగతాళి ఏమీ ఉండదు, నిజంగానే చూద్దామని అడుగుతుంది.

ఒకసారి ఇబ్రహీంపట్నం నుంచి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం అన్నారు. పెద్దలు ఇంకా మాటలు కలుపుకుంటూ ఉండగానే ఫరహత్ బస్సెక్కి వెళ్ళి, స్టేషన్ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళను "ఈ పేరు గలాయన ఇక్కడ పనిచేస్తారాండీ?" అని అడిగి వచ్చింది. పనిచేస్తున్నాడు. చెప్పిన ఉద్యోగమే, చెప్పిన విభాగమే. కాకపోతే గేటు దగ్గర జరిగిన విచారణ సాయంత్రానికల్లా ఆ అబ్బాయి చెవిన పడింది. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "మా మాట మీద నమ్మకం లేని పిల్ల మాకొద్దండీ" అని పెట్టేసింది. తండ్రి బాజీ తల పట్టుకున్నాడు. ఫరహత్ మాత్రం, "అడిగితే తప్పేంటి నాన్నా? నిజమేనని తేలిందిగా" అంది. ముప్పై దాటినా ఇప్పటికీ ఆ మాట మీదే ఉంది.

బాజీకి ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉంది. లారీలకు కావలసిన పిన్నులు, బుష్‌లు తయారుచేస్తారు. ఫరహత్ పాలిటెక్నిక్ చదివి, కొన్నాళ్ళు బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో పనిచేసి, అక్కడ ఎవరి మాటా నమ్మలేక మానేసి, తండ్రి షెడ్డుకే వచ్చేసింది. వచ్చీ రాగానే ఒక పాత లేత్‌కు మోటార్లు పెట్టించి, దాన్ని కంప్యూటర్‌తో నడిచేలా చేసింది. ఆ కంప్యూటర్‌లో లినక్స్ వేసింది. ఉచితంగా వస్తుందని కాదు. దీని లోపల ఏముందో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చని ఎవరో చెప్పారు. లోకంలో తన కోసం కూడా ఒకరు ఆలోచించారని ఆమెకు అప్పుడే మొదటిసారి అనిపించింది.

పాత లేత్ కదా, స్క్రూ అరిగి ప్లే, అంటే వదులు, వచ్చేసింది. అటు తిప్పి ఇటు తిప్పితే మధ్యలో వెంట్రుక మందం తేడా కొట్టేది. ఆ తేడాను లెక్కగట్టి సరిచేసే చిన్న ప్రోగ్రాం ఫరహత్ స్వయంగా రాసుకుంది. స్క్రూ అరుగుతున్న కొద్దీ ప్రోగ్రాంలో అంకెలు మారుస్తూ ఉండాలి. మార్చిన ప్రతిసారీ దాన్ని కంపైల్ చేయాలి, అంటే మనిషి చదివేలా రాసుకున్నదాన్ని యంత్రం చదివే రూపంలోకి మార్చాలి.

ఆ పనిలో ఫరహత్‌కు మంచి చెయ్యి ఉంది. కంపైల్ చేసేటప్పుడు తప్పులొస్తే తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చి పడతాయి. చూసినవాళ్ళకు గుండె జారిపోతుంది. ఆమె కంగారుపడేది కాదు. పైకి జరుపుకుంటూ వెళ్ళి మొట్టమొదటి తప్పు దగ్గర ఆగేది. అదే అసలు దొంగ, మిగతావన్నీ దాని వెనక వచ్చిన గుంపు అనేది. అది వెళ్ళి ఏ ఫైలును పిలిచిందో, ఆ ఫైలు ఎక్కడుందో, అక్కడున్నది అదో కాదో, ఒక్కొక్కటీ నిలదీసుకుంటూ పోయేది. మనుషులు భరించలేని ఆమె గుణాన్ని కంప్యూటర్ హాయిగా భరించేది.

కంప్యూటర్‌ను భద్రంగా ఉంచుకోవడంలోనూ ఆమెది అదే తీరు. బయటివాళ్ళెవరూ చొరబడకుండా ఇంటర్నెట్ వైరు పీకేసింది. పనివాళ్ళెవరూ ఏదీ నొక్కకుండా తెర మీద ఉండే పట్టీలన్నీ, తేదీ గడియారంతో సహా, కనబడకుండా తీసేసింది. తెర మీద లేత్‌ను నడిపే బొమ్మ తప్ప ఇంకేమీ ఉండదు. లేత్ ఎదురుగా ఒక సీసీ కెమెరా కూడా బిగించింది.

లేత్‌ను నడిపేది ఏసుపాదం. ఫరహత్ పుట్టకముందు నుంచి బాజీ దగ్గరే ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, మాట తక్కువ, పొద్దున అందరికంటే ముందు వచ్చి షెడ్డు తీసేది ఆయనే, సాయంత్రం అందరూ వెళ్ళాక కట్టేసేదీ ఆయనే. ఫరహత్ ఆయన్ను బాబాయ్ అంటుంది. చిన్నప్పుడు బడి నుంచి ఆయన సైకిల్ మీదే వచ్చేది. ఆమె అనుమానించకుండా టీ తాగేది ఒక్క ఆయన తెచ్చినప్పుడేనని బాజీ నవ్వేవాడు.

ఎండలు తగ్గాక మొదలైంది గొడవ.

ఒక పొద్దున ఫరహత్ ప్రోగ్రాంలో అంకె మార్చి కంపైల్ చేయమంది. కంపైల్ పనిని చూసుకునే సాధనానికి కాస్త పొదుపు బుద్ధి ఎక్కువ. రాసిన ఫైలు తేదీనీ, దాని నుంచి తయారైన ఫైలు తేదీనీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. రాసింది కొత్తదైతేనే మళ్ళీ తయారుచేస్తుంది, లేకపోతే చేయాల్సిందేమీ లేదని చేతులు దులుపుకుంటుంది. ఆ రోజు అలాగే దులుపుకుంది. ఫరహత్ గమనించలేదు. ఏసుపాదం లేత్ నడిపాడు. పిన్ను పాత కొలతకే వచ్చింది.

"ఏంటి బాబాయ్, మార్చానుగా?" అంది మైక్రోమీటర్ చూస్తూ.

"నువ్వు మార్చావేమో అమ్మాయ్. లేత్ మాత్రం మారలేదు" అన్నాడు ఏసుపాదం.

ఫైలు తెరిచి చూసింది. ఆమె రాసిన అంకె రాసినట్టే ఉంది. తయారైనదాన్ని మొత్తం చెరిపేసి, మొదటి నుంచి కంపైల్ చేసింది. లేత్ దారికొచ్చింది. సరే ఏదో జరిగిందిలే అనుకుందామని చూసింది గానీ, అలా అనుకోవడం ఆమెకు చేతకాని పని. రెండు రోజుల తర్వాత మళ్ళీ అంతే. పొద్దున మార్చితే మారదు. ఒక్కోసారి మధ్యాహ్నం మార్చితే మారుతుంది. రాసింది కొత్తగా ఉంది, నడిచేది పాతగా ఉంది. అంటే తను తయారుచేసినదాన్ని ఎవరో తీసేసి, పాతది తెచ్చి పెడుతున్నారన్నమాట.

ఆ మాట మనసులో పడ్డాక ఇక ఆమెకు నిద్ర లేదు. ఏ రోజు చెడుతోంది, ఏ రోజు బాగుంటోంది అని కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది. చుట్టాలింట పెళ్ళికని ఏసుపాదం సెలవు పెట్టాడు. ఆ సాయంత్రం పక్క లేత్ కుర్రాళ్ళు షట్టర్ దించి వెళ్ళిపోయారు. మర్నాడు ఏ గొడవా లేదు. ఆయన వచ్చాక మళ్ళీ మొదలు. జ్వరమొచ్చి ఇంకోసారి రాలేదు. మర్నాడు మళ్ళీ అంతా సవ్యంగా ఉంది. ఫరహత్ ఎవరినైనా అనుమానించగలదు గానీ, ఈయన్ను అనుమానించాల్సి వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెళ్ళి సీసీ కెమెరా రికార్డు తీసింది.

రికార్డులో ప్రతి సాయంత్రం ఒకటే తంతు. పనివాళ్ళు వెళ్ళిపోతారు. ఏసుపాదం ఒక్కడే మిగులుతాడు. ఒకసారి గుమ్మం వైపు చూస్తాడు. కంప్యూటర్ ఉన్న మూలకు నడుస్తాడు. అంతటితో బొమ్మ ఆగిపోతుంది. మళ్ళీ బొమ్మ వచ్చేది మర్నాడు పొద్దున, అప్పుడు కూడా ఏసుపాదం ఆ మూలలోనే ఉంటాడు. ఆయన సెలవు పెట్టిన రోజుల్లో మాత్రం రాత్రంతా ఖాళీ షెడ్డు నిక్షేపంగా కనిపిస్తోంది.

ఇంకో సంగతి కూడా ఆమె కంటపడింది. రోడ్డుకు అవతల రామకోటేశ్వరరావుది ఇదే పని చేసే షెడ్డు. కొత్త మిషన్ తెప్పించుకుని, నడిపే మనిషి కోసం చూస్తున్నాడని వీధిలో అందరికీ తెలుసు. షెడ్డు కట్టేశాక ఏసుపాదం తిన్నగా ఇంటికి పోవడం లేదు. రోడ్డు దాటి రామకోటేశ్వరరావు షెడ్డులోకి తొంగిచూసి, ఏదో ఒక మాట మాట్లాడి మరీ వెళుతున్నాడు. ఇక చూడాల్సిందేముంది? చెడగొట్టేది ఎవరో, ఎవరికోసమో, రెండూ తేలిపోయాయి.

బాజీని అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ ఆయన కంటి ఆపరేషన్ అయ్యి ఇంట్లో ఉన్నాడు. అయినా ఫరహత్ అడిగే మనిషి కాదు, కనిపెట్టే మనిషి.

మర్నాడు పనివాళ్ళందరి ముందూ కాకుండా, ఏసుపాదాన్ని పక్కకు పిలిచి రికార్డు చూపించింది. ఆ మాత్రం మర్యాద పాటించింది.

"ఇక్కడ మీరేం చేస్తున్నారు?" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆయన్ను మీరు అనడం అదే మొదలు.

ఏసుపాదం తెర వంక చూశాడు. "ఏం చేస్తానమ్మాయ్, షెడ్డు కట్టేస్తున్నాను."

"మరి కెమెరా ఎందుకు ఆగిపోయింది?" ఆయన నోరు తెరిచేలోపే, "రామకోటేశ్వరరావు గారి షెడ్డులో మీకు రోజూ ఏం పని?" అని ఇంకో ప్రశ్న వేసేసింది.

కెమెరా ప్రశ్నకు ఆయన దగ్గర జవాబుంది. తర్వాతది విన్నాక ఆ జవాబు చెప్పాలనిపించలేదు. మొలకు వేలాడుతున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. "నాన్నగారికి కన్ను నయమయ్యాక చెప్పండమ్మా, వెళ్ళొస్తానన్నానని" అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే రామకోటేశ్వరరావు షెడ్డులో పనికి కుదిరాడు. ఫరహత్ అనుమానానికి అంతకంటే రుజువేం కావాలి?

పైగా ఆయన వెళ్ళినప్పటి నుంచి గొడవ మాయమైంది. పొద్దున మార్చినా మారుతోంది, సాయంత్రం మార్చినా మారుతోంది. లేత్ చెప్పినట్టు వింటోంది. ఇప్పుడు షెడ్డు తీసేదీ, సాయంత్రం షట్టర్ దించి తాళం వేసేదీ ఫరహతే. కెమెరా రాత్రంతా ఆగకుండా తిరుగుతోంది. తన లెక్క తప్పలేదని ఆమె నిమ్మళించింది. కాకపోతే టీ మానేసింది. ఎవరు తెచ్చినా తాగబుద్ధి కావడం లేదు.

కంటి పట్టీ తీసేశాక బాజీ విషయం అడిగాడు. ఫరహత్ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది, రికార్డుతో సహా. అరిచి గోల చేస్తాడనుకుంది. ఆయన అరవలేదు. అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"అయితే ఇన్నాళ్ళూ మెయిన్ ఎవరు తీస్తున్నారు?"

"మెయినేంటి నాన్నా?"

"కంప్యూటర్ వెనక గోడకుంటుంది చూడు, మెయిన్ స్విచ్చు. రోజూ కట్టేసేటప్పుడు ఏసుపాదం అది దించి, చేత్తో తడిమి చూసి మరీ వెళతాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు వాడు పనిచేసిన షెడ్డు షార్ట్ సర్క్యూట్‌కి కాలిపోయింది. కాపలా పడుకున్న వాళ్ళన్న అందులోనే పోయాడు. అప్పట్నుంచి మన షెడ్డే కాదు, చుట్టుపక్కల ఎవరు కట్టేస్తున్నా వెళ్ళి మెయిన్ తీశారా అని అడగందే ఇంటికి పోడు. నలుగురూ విసుక్కుంటారు, వాడు మానడు."

ఫరహత్‌కు ఏసుపాదం రోడ్డు దాటి రామకోటేశ్వరరావు షెడ్డులోకి తొంగిచూడటం కళ్ళముందు మెదిలింది. అయినా ఆమె ఫరహత్ కదా, తండ్రి మాట కూడా అలా నమ్మేయదు. కెమెరా ఆగడానికి మెయినే కారణమనుకుందాం, మరి ప్రోగ్రాం ఎందుకు పాతబడింది? కరెంటు తీస్తే రాసిన ప్రోగ్రాం పాతదైపోతుందా? ఎక్కడా వినలేదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కంప్యూటర్ ఉన్న మూలకు నడిచి, మెయిన్ దించింది. షెడ్డు చీకటైంది.

మర్నాడు పొద్దున మెయిన్ ఎత్తి, కంప్యూటర్ ఆన్ చేసింది. అది పూర్తిగా లేవలేదు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి ఆగింది. తేదీ, సమయం పోయాయి, ముందుకు సాగాలంటే ఫలానా మీట నొక్కండి అని దాని సారాంశం. ఫరహత్ ఆ వాక్యాన్ని ఎప్పుడూ చూడలేదు. మీట నొక్కి, లోపలికి వెళ్ళి, దాచేసిన గడియారాన్ని బయటికి పిలిచింది. ఎప్పుడో, తను పాలిటెక్నిక్‌లో కూడా చేరని సంవత్సరం, జనవరి ఒకటో తారీఖు అని చూపించింది.

అప్పుడు అర్థమైంది, ఒక్కసారిగా కాదు, ఒక్కొక్క మెట్టుగా. కంప్యూటర్ లోపల కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది చచ్చిపోయింది. మెయిన్ తీసిన ప్రతి రాత్రీ గడియారం ఆగిపోయి, పొద్దున అదే పాత జనవరి ఒకటి అర్ధరాత్రి నుంచి మొదలవుతోంది. నిన్న మధ్యాహ్నం తయారైన ఫైలు మీద ఆ పాత రోజు మొదలై ఆరేడు గంటలైందని ఉంటుంది. ఇవాళ పొద్దున రాసిన మార్పు మీద అదే రోజు మొదలై అరగంటే అయిందని ఉంటుంది. తయారైందే కొత్తదని లెక్కతేల్చి, చేయాల్సిందేమీ లేదని ఆ సాధనం ఊరుకుంటోంది. ఎవరూ ఏదీ మార్చలేదు. ఏసుపాదం లేనప్పుడు మెయిన్ ఎవరూ తీయలేదు గనక గడియారం నడుస్తూనే ఉంది.

ఇంటర్నెట్ వైరు ఉండి ఉంటే గడియారం దానంతటదే సరిపోయేది. అది పీకింది తను. తెర మీద తేదీ కనబడుతూ ఉంటే ఎవరో ఒకరు అడిగేవారు. దాన్ని దాచిందీ తనే. ఇక ప్రతి పొద్దునా ఆ నల్లతెర వాక్యాన్ని చూసినవాడు ఏసుపాదం. ఆయన దాన్ని ఫిర్యాదుగా అనుకోలేదు. ఆటోనగర్ మనిషికి రెండోసారి తిప్పితే స్టార్టయ్యే బండి మంచి బండే. మీట నొక్కితే లేస్తోంది కదా, ఇంకేం కావాలి?

ఫరహత్ బ్యాటరీ తెచ్చి వేసింది. తేదీ సరిచేసింది. గడియారాన్ని మళ్ళీ తెర మీదికి తెచ్చి, అందరికీ కనబడేలా పెద్దది చేసింది. ఆ పనంతా అయ్యేసరికి ఒక కాఫీ తాగేంత సమయం కూడా పట్టలేదు. అసలు పని రోడ్డు అవతల ఉంది, దానికి మాత్రం కాళ్ళు కదల్లేదు.

చివరికి మధ్యాహ్నం భోజనాల వేళ రోడ్డు దాటింది. రామకోటేశ్వరరావు పనివాళ్ళంతా అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ముందే ఏసుపాదం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"బాబాయ్, నువ్వేం చేయలేదు. కంప్యూటర్‌లో బ్యాటరీ పోయింది. నేను నిన్ను అనరాని మాటన్నాను. మళ్ళీ రా బాబాయ్" అంది.

ఏసుపాదం చేతిలోని ముద్ద క్యారియర్‌లో పెట్టేశాడు. "పోన్లెండమ్మా, తెలిసిందిగా. అంతే చాలు" అన్నాడు. క్యారియర్ మూత పెట్టి, "ఈయనకు మాటిచ్చేశాను. ఇప్పుడు మళ్ళీ వచ్చేస్తే బాగోదు. అక్కడ ఉన్నన్నాళ్ళూ రెండుసార్లు పిలిచినా ఈయన దగ్గరికి రాలేదు. ఇప్పుడు వచ్చాక పోలేను" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలుకునేది. ఫరహత్ తల దించుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం షెడ్డు కట్టేస్తుంటే గుమ్మంలో అలికిడైంది. చూస్తే ఏసుపాదం.

"మెయిన్ తీశారా అమ్మా?"

"తీశాను బాబాయ్."

ఆయన నమ్మలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చీకట్లోనే ఆ మూలకు నడిచి, స్విచ్చు చేత్తో తడిమి చూసి, "సరే" అని బయటికొచ్చాడు. తన మాట ఒకరు నమ్మకుండా స్వయంగా చూసుకోవడం ఫరహత్‌కు ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. మనసు చివుక్కుమంది. ఇబ్రహీంపట్నంలో ఆ తల్లికి ఇలాగే ఉండి ఉంటుంది కాబోలు అనుకుంది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆమె తీశానంటుంది, ఆయన చూసుకుని పోతాడు. అలవాటైపోయింది. ఆ వేళకు ఆమె రెండు టీలు తెప్పించి ఉంచడం మొదలుపెట్టింది. ఆయన ఒక్కోరోజు తాగుతాడు, ఒక్కోరోజు వద్దంటాడు.

ఒక సాయంత్రం ఆయన టీ తాగి వెళుతుంటే, ఫరహత్ షట్టర్ దించబోతూ రోడ్డు అవతలికి చూసింది. రామకోటేశ్వరరావు తన షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తన దగ్గర పనిచేసే మనిషి రోజూ పని అవ్వగానే పాత యజమాని షెడ్డులోకి ఎందుకు పోతున్నాడా అని, కళ్ళు చికిలించి చూస్తున్నాడు. ఆ చూపు ఎలాంటిదో ఆ వీధిలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

షట్టర్ సగంలోనే వదిలేసి, బండ్లను తప్పించుకుంటూ రోడ్డు దాటింది.

"రామకోటేశ్వరరావు గారూ, మీ మనసులో ఏముందో నాకు తెలుసండీ" అంది ఆయాసపడుతూ. "నేను చెబితే నమ్మకండి. ఆయన్నే అడగండి. కానీ ఒక్క ప్రశ్నే అడగండి. అడిగాక, ఆయన జవాబు చెప్పేదాకా ఆగండి."